మణికట్టు మీద పావలా

ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా అరుణాదేవి కళ్ళు ముందుగా రాజనర్సయ్య సార్ చేతుల మీదికే పోతున్నాయి.

వెనక ఎత్తుగా దిండ్లు పెట్టి ఆయనను మంచం మీద ఆనించి కూర్చోబెట్టారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. కళ్ళు మూతపడ్డాయి. బుగ్గలు మాత్రం ఎర్రబడి, గోడ మీద వేలాడుతున్న పెళ్ళి ఫొటోలోలాగా నిగనిగలాడుతున్నాయి. ముందుకు చాచిన రెండు చేతులూ గాలిలో దిగి, లేచి, మళ్ళీ దిగుతున్నాయి. వీడియో తీస్తున్నది ఆయన భార్య వజ్రమ్మ. మురిపెం నిండిన ఆమె గొంతు వెనకనుంచి వినిపిస్తుంది.

"చూడుండ్రి, మీ సారు నిద్రల సుత టైపు కొడ్తుండు."

ఆదివారం సాయంత్రం ఆమె దాన్ని టైప్ ఇన్‌స్టిట్యూట్ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సార్ వేలికి తగిలించిన ఆక్సీమీటర్ మీద తొంభై ఎనిమిది అంకె స్పష్టంగా కనిపిస్తోంది. కరోనా రెండో వేవ్‌లో ఆ అంకె కోసం ఆశగా ఎదురుచూసి, దొరకక ఏడ్చినవాళ్ళు ఆ గ్రూపులో చాలామందే ఉన్నారు. అందువల్ల అందరికీ ప్రాణం లేచివచ్చింది. ఇక ఢోకా లేదని ఒకరు, సార్ స్పీడు ఏమాత్రం తగ్గలేదని మరొకరు రాశారు. అరుణాదేవి కూడా జోడించిన చేతుల బొమ్మ ఒకటి పెట్టి, తడి కళ్ళతో నిద్రపోయింది.

సోమవారం తెల్లవారేసరికి సార్ లేరు.

ఇవాళ గురువారం. మామకు ఆక్సిజన్ తగ్గించి చంపిందన్న నేరం మీద ఆయన కోడలు నవీనను సాయంత్రంలోగా అరెస్టు చేస్తానని ఇన్‌స్పెక్టర్ రవికాంత్ చెప్పేశాడు. నవీన మధ్యాహ్నం ఫోన్ చేసింది. అరుణాదేవి ఫోరెన్సిక్ ల్యాబ్‌లో సగం జీవితం గడిపి, పదవీ విరమణ తరవాత ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరు తెచ్చుకున్న మనిషి. ఆ పేరు విని నవీన పిలవలేదు. "మామయ్య మీ గురించి చెప్తుండె" అని మాత్రం అంది. ఆ ఒక్క మాటకే అరుణాదేవి బయల్దేరి వచ్చింది.

మైత్రీవనం వెనక సందులో ఆ ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కుతుంటే ఆమెకు మొదట తోచింది నిశ్శబ్దం. డిగ్రీ చదివే రోజుల్లో ఈ సందు మలుపు తిరగకముందే మిషన్ల చప్పుడు వినిపించేది. ముప్ఫై మిషన్లు ఒక్కసారిగా వాన కురిసినట్టు మోగేవి, మధ్యమధ్యన వరస ముగిసినట్టు చిన్న గంటలు. ఆ చప్పుడును బట్టే సార్ తల ఎత్తకుండా, మూడో మిషన్ మీద ఎవరు తప్పు కొట్టారో చెప్పేవాడు. ఇప్పుడు హాల్లో మిగిలినవి ఆరు మిషన్లు. ఒక్కొక్క దాని నుదుట దసరా ఆయుధపూజ నాటి పసుపూ కుంకుమా ఇంకా ఉన్నాయి. మొదటి మిషన్ ముందు ఇత్తడి పళ్ళెంలో ఎండిన బంతిపూల మధ్య ఒక పాత పావలా, దానికీ బొట్టు.

ఆ పావలాను ఆమె గుర్తుపట్టింది. అప్పుడు బందరు నుంచి కొత్తగా వచ్చిన పిల్లగా తాను వేళ్ళతో పాటు చేతులు కూడా ఎగరేస్తుంటే, సార్ ఆ పావలా తెచ్చి తన మణికట్టు మీద పెట్టాడు. వేళ్ళు మాత్రమే కదలాలి. మణికట్టు జారితే పావలా పడుతుంది, పావలా పడితే పాఠం మళ్ళీ మొదటినుంచి. నెల రోజులు మొదటి పాఠం ఏ ఎస్ డి ఎఫ్ కొట్టి ఏడ్చింది. నెల తరవాత పావలా పడలేదు. ఆ రోజు సార్ పక్క హోటల్ నుంచి అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు.

నవీన ఒక మిషన్ ముందు స్టూలు మీద కూర్చుంది. మనిషి నలిగిపోయి ఉంది కాని, ఏడవడం లేదు. అరుణాదేవి ఆమె ఎదుట కూర్చుని జరిగినదంతా వరసలో చెప్పమంది. ఏది ముందు, ఏది తరవాత అన్నది తప్పిపోకూడదని హెచ్చరించింది.

నవీన చెప్పిన వరస ఇది. ఆయుధపూజ నాడు పాత విద్యార్థులు వచ్చారు. వాళ్ళలో కొందరు దగ్గుతున్నారు. వచ్చినవాళ్ళకు అది నాలుగు రోజుల జలుబు. సార్ ఊపిరితిత్తులు మాత్రం నలభై ఏళ్ళ సిగరెట్లతో ఎప్పుడో పాడై ఉన్నాయి. గాలి గొట్టాలు సన్నబడి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాని జబ్బు. అందువల్ల అదే వైరస్ ఆయనలో న్యుమోనియాగా మారింది. పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. పరీక్షలో ఫ్లూ అని తేలింది. కొన్నాళ్ళకు జ్వరం తగ్గింది. ఇంటికి పోతానని సార్ మొండికేస్తే డాక్టర్ మంజూష ఒప్పుకుంది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉందన్న ధైర్యంతోనే ఒప్పుకుంది.

ఆ మిషన్‌కు ఒక కథ ఉంది. సార్ ఒక్కగానొక్క కొడుకు, నవీన భర్త రామకృష్ణ, రెండో వేవ్‌లో ఆస్పత్రి గేటు బయట ఆక్సిజన్ మంచం కోసం ఎదురుచూస్తూ పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే సార్ ఆ మిషన్ తెప్పించాడు. అప్పటినుంచి అది ఈ సందుల్లో ఎన్ని ఇళ్ళు తిరిగిందో లెక్కలేదు. ఆటోలో తానే పక్కన కూర్చుని తీసుకుపోయేవాడు. దసరాకు టైపు మిషన్లతో పాటు దానికీ బొట్టు పెట్టేవాడు.

"ఆదివారం?" అంది అరుణాదేవి.

"క్లాసుకు పోయేముందు మిషన్ సీసాల నీళ్ళు పై గీత దాకా నింపిన మేడం. గాలి కొలిచే గోళీ రెండు మీద పెట్టిన. డాక్టరమ్మ రెండే చెప్పింది. అంకె ఎనభై ఎనిమిదికీ తొంభై రెండుకీ నడుమ ఉంటే చాలన్నది. ఎక్కువకు ఆశపడొద్దన్నది."

నవీన మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్‌లో సాయంత్రం బ్యాచికి పాఠాలు చెబుతుంది. తొమ్మిది దాటాక ఇంటికి వచ్చింది. గది తలుపు దగ్గరే వజ్రమ్మ ఆపేసింది. ఇన్నాళ్ళకు కమ్మగా నిద్రపోతున్నాడు, లైటు వెయ్యకు అంది. నవీన తలుపు సందులోంచి చూసి, మేడ మీదికి వెళ్ళి పడుకుంది. తెల్లవారుజామున అత్త కేకకు కిందికి పరుగెత్తింది. అంబులెన్స్ వాళ్ళకు ఈ సందు దొరకదని మెయిన్ రోడ్డు మీదికి ఉరికింది. తిరిగి వచ్చేసరికి వజ్రమ్మ హాల్లో గోడకు చేరగిలబడి ఉంది. గదిలో, వజ్రమ్మ ఫోన్ చేస్తే వచ్చిన దుర్గేష్ ఒక్కడే ఉన్నాడు.

దుర్గేష్ సార్‌కు అన్న కొడుకు. పంజాగుట్టలో సర్జికల్ దుకాణం నడుపుతూ, దాని పై అంతస్తులోనే ఉంటాడు. ఆక్సిజన్ మిషన్లు, రోగుల మంచాలు అద్దెకిస్తాడు. సార్ మిషన్‌ను రిపేరు చేసేది కూడా అతనే. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చిందీ అతనే.

"మీ అత్తగారు ఏమంటున్నారు?"

"ఏమీ అంటలేదు మేడం. నా తల నిమురుతది, ఏడుస్తది. నేను తగ్గించిన్నా అని ఒక్కసారి సుత అడగలే." నవీన ఎదురుగా ఉన్న మిషన్ మీద ఒక అక్షరం నొక్కి వదిలింది. "అడిగితే బాగుండు. లేదని చెప్పేదాన్ని."

సార్ గది హాలు వెనకాల ఉంది. అరుణాదేవి గుమ్మంలో చాలాసేపు నిలబడింది. లోపలికి అడుగు పెట్టేముందు చూపు స్థిరపరచుకోవడం ఆమె అలవాటు. మంచం, గోడ మీద పెళ్ళి ఫొటో, దాని పక్కన రామకృష్ణ ఫొటో, కిటికీ దగ్గర ఆక్సిజన్ మిషన్. పోలీసులు మిషన్ చుట్టూ టేపు వేసి, మీటకూ నీళ్ళ సీసా మూతకూ లక్క సీలు వేశారు. మిషన్ నుంచి వచ్చే గాలి ముక్కును ఎండగొట్టకుండా ముందుగా ఆ సీసాలోని నీళ్ళలోంచి బుడగలుగా లేస్తుంది. పక్కనే సన్నటి గాజు గొట్టంలో ఒక గోళీ. గాలి ఎంత పోతుంటే గోళీ అంత పైకి లేచి, నిమిషానికి ఒకటి, రెండు, అలా అయిదు లీటర్ల దాకా ఉన్న గీతల మీద నిలుస్తుంది. మిషన్ ఇప్పుడు ఆగిపోయి ఉంది కనక గోళీ అడుగున పడి ఉంది.

ఆమె మోకాళ్ళ మీద వంగి సీసా చూసింది. దానికి రెండు గీతలు ఉన్నాయి. నీళ్ళు కింది గీత కంటే కూడా కిందికి దిగిపోయాయి.

"టైపు నేర్చుకోనీకి వచ్చిండ్రా మేడం?"

రవికాంత్ గుమ్మంలో నిలబడ్డాడు. ట్రైనింగు రోజుల్లో అరుణాదేవి దగ్గర విషాల గురించి పాఠాలు విన్నవాడు. ఇప్పుడు ఆ చదువు అవసరం తీరిపోయిందన్నట్టు నవ్వుతున్నాడు.

"నేర్చుకున్నదాన్ని గుర్తు చేసుకోవడానికి వచ్చాను. నువ్వు నా క్లాసులో వెనక బెంచీ కదూ?"

"అవ్ మేడం. మస్తు నిద్రొస్తుండె."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను. ఆక్సిజన్ చాలక పోయే మనిషి ఎలా పోతాడు?"

"కొట్టుకుంటడు. పెదాలు నీలమైతయి. గొట్టం పీక్కుంటడు."

"ఈయన కొట్టుకున్నట్టు ఎవరైనా చెప్పారా?"

రవికాంత్ ఆ ప్రశ్నను పక్కకు నెట్టేశాడు. అతని లెక్క అతనికి ఉంది. దాన్ని ఒక్కొక్క మెట్టుగా ఆమె ముందు పేర్చాడు. సాయంత్రం వీడియోలో తొంభై ఎనిమిది ఉంది, అంటే అప్పటికి ముసలాయన బాగున్నాడు. తరవాత ఇంటికి వచ్చింది నవీన. పొద్దున పోలీసులు వచ్చినప్పుడు మిషన్ నడుస్తూనే ఉంది, గోళీ మాత్రం ఒకటి మీద ఉంది. డాక్టర్ చెప్పింది రెండు. పైగా ఈ మేడను సార్ కోడలి పేర రాయాలనుకున్నాడు. జబ్బుపడ్డాక ఆ మాట వాయిదా వేశాడనీ, ఇక రాయడేమోనన్న కోపంతోనే ఆమె ఇది చేసిందనీ దుర్గేష్ చెబుతున్నాడు.

"ఇంట్ల ఉన్నది ఇద్దరే ఆడోళ్ళు. ఒకామె ఆయన పెండ్లాం. ఇగ మిగిలింది ఎవరు?"

"ఆ పొద్దున నువ్వు తీసిన ఫొటోల్లో ఈ సీసా ఉందా?"

అతను విసుగ్గా ఫోన్ తీసి చూపించాడు. సోమవారం ఉదయపు ఫొటోలో కూడా నీళ్ళు సరిగ్గా ఇక్కడే ఉన్నాయి.

"ఆదివారం సాయంత్రం నవీన పై గీత దాకా నింపింది. గోళీ రెండు మీద ఉంటే పొద్దునకు నీళ్ళు పెద్దగా తగ్గవు. ఒకటి మీద ఉంటే అసలు తగ్గినట్టే కనిపించవు. మరి ఇన్ని నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

"నింపిన్నని ఆమె చెప్తుంది మేడం. చూసినోళ్ళెవరు? నీళ్ళ సీసా పట్టుకొని కోర్టుకు పొమ్మంటరా?"

"లేదు. ఆ వీడియో పట్టుకుని పొమ్మంటాను. ఒకసారి పెట్టు. పెద్ద సౌండుతో."

రవికాంత్ పెట్టాడు. తన వాదానికి అదే ఆధారం కాబట్టి ఉత్సాహంగానే పెట్టాడు. వజ్రమ్మ మాట పూర్తయింది. ఆ మాట వెనక, మిషన్ రొదతో పాటు, హుక్కా పీల్చినట్టు గుడగుడమని బుడగల చప్పుడు తెంపులేకుండా వినిపించింది. వీడియోలో సీసా ఒక మూలగా కనిపిస్తోంది. పై గీతకు కాస్తే తక్కువగా ఉన్న నీళ్ళు కుతకుత ఉడుకుతున్నట్టు ఉన్నాయి.

"నిండు సీసా. చూసినవాళ్ళెవరని అడిగావుగా" అంది అరుణాదేవి. "రెండు మీద అంత చప్పుడు రాదు. అప్పటికే ఎవరో పెంచారు."

"పెంచితే మంచిదే కదా. తొంభై ఎనిమిదికి వచ్చె."

 ఆమె చూపు మళ్ళీ ఆ చేతుల దగ్గర ఆగిపోయింది. ఇన్నిసార్లు చూసినా, ప్రతిసారీ తాను చూసింది ఈ చేతులను కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ పాత హాలును చూసింది, ముప్ఫై మిషన్ల వానను విన్నది, సార్ నిద్రలో కూడా పాఠం చెబుతున్నాడనుకుని మురిసింది. ఆ మురిపెం కళ్ళకు అడ్డం పడింది. గ్రూపులో అందరికీ అదే అడ్డం పడింది. ఒక టైపు మాస్టారి చేతులు కాకపోయి ఉంటే, ఎవరో ఒకరు భయపడి డాక్టర్‌కు ఫోన్ చేసేవారు.

ఆమె హాల్లోకి నడిచి, పళ్ళెంలోని పావలా తీసుకుని వచ్చింది. ఎడమ చేతి మణికట్టు మీద పెట్టుకుని, గాలిలో ఏ ఎస్ డి ఎఫ్ కొట్టింది. వేళ్ళు ఒకదాని తరవాత ఒకటి కదిలాయి. పావలా కదలలేదు.

"ఇది టైపు కొట్టడం. సార్ నేర్పింది ఇదీ. ఇప్పుడు వీడియోలో చేతులు చూడు. వేళ్ళు కదులుతున్నాయా?"

రవికాంత్ ఫోన్ మీదికి వంగాడు. గుమ్మం దగ్గర నవీన కూడా తొంగి చూసింది. వేళ్ళు కదలడం లేదు. ఏదో బరువు లాగినట్టు రెండు చేతులూ మణికట్టు దగ్గర జారిపోతున్నాయి, అంతలోనే ఉలిక్కిపడినట్టు లేస్తున్నాయి, మళ్ళీ జారిపోతున్నాయి.

అరుణాదేవి తన చెయ్యిని అలాగే జార్చింది. పావలా గచ్చు మీద పడి, గుండ్రంగా తిరిగి, మంచం కిందికి పోయింది.

"నలభై ఏళ్ళు ఎవరి మణికట్టునూ జారనివ్వని మనిషి, రవికాంత్. నిద్రలో కొట్టినా ఆయన అలా కొట్టడు."

ఆమె డాక్టర్ మంజూషకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, చూసింది చూసినట్టు చెప్పింది. చేతులు, ఎర్రబడ్డ బుగ్గలు, మత్తులాంటి నిద్ర, తొంభై ఎనిమిది.  అంతా విని డాక్టర్ అడిగింది ఒక్కటే, ఎన్ని లీటర్లు పెట్టారని.

డాక్టర్ చెప్పినదాన్ని అరుణాదేవి రవికాంత్ కోసం తేలిక మాటల్లోకి మార్చింది. ఆరోగ్యంగా ఉన్నవాడికి తొంభై ఎనిమిది మంచి అంకె. కరోనా మనందరికీ నేర్పిన పాఠం అదే, అప్పటికి అది సరైన పాఠమే. సార్ ఊపిరితిత్తుల సంగతి వేరు. పీల్చిన గాలిని పూర్తిగా వదలలేని ఆ జబ్బులో, మన చిన్నప్పటి పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న చెడుగాలి, అంటే కార్బన్ డయాక్సైడ్, ఏళ్ళ తరబడి ఒంట్లో కొంత నిలిచే ఉంటుంది. ఒళ్ళు దానికి అలవాటు పడి, తక్కువ ఆక్సిజన్‌తో సర్దుకుని బతుకుతుంది. దాని మీద న్యుమోనియా వచ్చి ఊపిరి కండరాలను అలసగొట్టింది. అలాంటి మనిషికి హద్దు మీరి ఆక్సిజన్ పెడితే అంకె పెరుగుతుంది, లోపల చెడుగాలి కూడా పెరుగుతుంది. ఆయాసం తగ్గినట్టుంటుంది. ముఖం ఎర్రబడుతుంది, చేతులు వెచ్చబడతాయి, మణికట్లు జారుతుంటాయి. ముంచుకొచ్చేది నిద్రలాగే ఉంటుంది కాని, నిద్ర కాదు. చనిపోయాక పోస్టుమార్టంలో దాని జాడ పట్టుకోవడం కష్టం.

"అంటే తగ్గించి చంపలే" అన్నాడు రవికాంత్ నెమ్మదిగా. "పెంచి చంపిండ్రు."

"తగ్గించింది ఎవరని నువ్వు అందరినీ అడిగావు. పెంచింది ఎవరని ఒక్కరినైనా అడిగావా? పెంచడం ప్రేమ అనుకున్నావు. నేనూ అంతే. సీసాలో నీళ్ళు అంత దిగాయంటే రాత్రంతా మిషన్ జోరుగా నడిచింది. పొద్దున నువ్వు వచ్చేసరికి గోళీ ఒకటి మీద ఉంది. మధ్యలో ఎవరో దించారు. రెండు మీద పెట్టి ఉంటే ఇది మామూలు చావు అయ్యేది. ఒకటి మీద పెట్టారు కాబట్టి నవీన చేసిన హత్య అయ్యింది. నవీన మెయిన్ రోడ్డు మీద ఉంది, వజ్రమ్మ గారు హాల్లో ఉన్నారు. ఈ గదిలో ఎవరున్నారు?"

 ఫోన్‌లో డాక్టర్ గొంతు మళ్ళీ వినిపించింది. ఈ ఎనభై ఎనిమిది, తొంభై రెండు సంగతి తాను నవీనకు ఒక్కదానికే చెప్పలేదనీ, మిషన్ చూసుకునే దుర్గేష్‌కు కూడా విడమరచి చెప్పాననీ అంది. తనకు తెలుసనీ, తమ దుకాణంలో రోజూ ఇలాంటి పేషెంట్లే వస్తారనీ అతను నవ్వాడట. తరవాత ఆమె ఇంకొక మాట కలిపింది. "ఆ పెద్దామె ఎట్లున్నరు? వార్డులో ఉన్నప్పుడే దగ్గు మొదలైంది. కట్టెల పొయ్యి పొగ, ఆయన సిగరెట్ల పొగ, ఆమె ఊపిరితిత్తులు సుత దాదాపు గట్లనే ఉన్నయి. జ్వరమొస్తే ఇంట్ల ఉంచకుండ నా దగ్గరికి తీసుకురమ్మని దుర్గేష్‌కు చెప్పిన."

అరుణాదేవి నవీన వైపు తిరిగింది. ఇంట్లో అడుగు పెట్టినప్పటినుంచి వజ్రమ్మ కనిపించలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తగిలింది. పిల్లలెవరు వచ్చినా ముందుగా మంచినీళ్ళ గ్లాసుతో ఎదురొచ్చే మనిషి. దుఃఖంలో లోపలెక్కడో పడుకుని ఉంటుందనుకుంది.

"అత్తగారు ఎక్కడ?"

"నిన్నటి నుంచి జ్వరం మేడం. ఆయాసం సుత. పొద్దున దుర్గేష్ బావ వచ్చి తీస్కపోయిండు. ఇక్కడి మిషన్‌కు సీలేసిండ్రు కదా, మా ఇంట్ల మిషన్లకు కొదవలేదు, చిన్నమ్మను నేను చూసుకుంట అన్నడు." చెబుతూ చెబుతూనే ఆమె ముఖం పాలిపోయింది. "నాకు క్లాసు లేకపోయినా నన్ను రావద్దన్నడు."

నవీన జైలుకు పోయి, వజ్రమ్మ కూడా లేకపోతే ఈ మేడకు మిగిలే వారసుడు దుర్గేషే. నవీన ఫోన్ అందుకుని అరుణాదేవి వజ్రమ్మకు వీడియో కాల్ చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తకుండానే ఆగిపోతుందనుకునేలోగా తెర వెలిగింది.

వజ్రమ్మ ముఖం తెరంతా నిండింది. ముక్కుకు గొట్టం ఉంది. మూడు రోజులుగా ఏడ్చిన ముఖం ఇప్పుడు తేటగా, బుగ్గలు పండినట్టు ఎర్రగా ఉన్నాయి. ఆమె కళ్ళు చికిలించి చూసి, గుర్తుపట్టి, ఎంతో దూరం నుంచి నవ్వినట్టు నవ్వింది.

"అరుణా. ఎప్పుడొచ్చినవు బిడ్డా? చాయ తాగినవా?"

"తాగానమ్మా. మీకెలా ఉంది?"

"మంచిగున్న. ఆయాసం పోయింది. తల జర నొస్తుంది, నిద్రొస్తుంది. అంతే."

"గోళీ ఎంత మీద ఉందమ్మా?"

"అయిదు మీద. దుర్గేషే పెట్టిండు." ఆమె మాటలు ఒకదానికొకటి దూరం జరుగుతున్నాయి. "ఆదివారం ఫోన్ల చెప్పిండు కదా. అంకె తొంభైకి దిగిందంటే మన రాంకిష్టు లెక్కనే అయితది చిన్నమ్మా, గోళీ అయిదు మీదికి లేపు, మా కాక కమ్మగ పండుకుంటడు అని. నేనే లేపిన బిడ్డా. నా చేత్తోని. ఎంత మంచిగ పండుకున్నడు మీ సారు. నువ్వు చూడలే?"

అరుణాదేవి పక్కన నవీన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రవికాంత్ అప్పటికే మెట్ల వైపు కదిలాడు. పంజాగుట్టకు జీపు తియ్యమని డ్రైవర్‌కు కేక వేస్తూ, అంబులెన్స్ కోసం రెండో ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"అమ్మా, నా మాట వినండి. ఆ మీట పక్కన ఎవరున్నారు? దుర్గేష్ కాక ఇంకెవరైనా ఉన్నారా? ఎవరినైనా పిలవండి. గోళీని రెండు మీదికి దించమనండి. నిద్రపోకండి. నాతో మాట్లాడుతూ ఉండండి."

"మాట్లాడుతున్న కదా" అంది వజ్రమ్మ.

ఆమె ముఖం తెర మీదినుంచి కిందికి జారిపోయింది. ఎదుటి గోడ కనిపించింది. ఉలిక్కిపడినట్టు మళ్ళీ ముఖం పైకి వచ్చింది. అంతలోనే జారిపోయింది, మళ్ళీ వచ్చింది. నెట్‌వర్క్ సరిగా లేదేమో అని నవీన గొణిగింది.  నెట్‌వర్క్ బాగానే ఉంది. జారుతున్నది ఫోన్ పట్టుకున్న చెయ్యి.

"అమ్మా, నాకు మొదటి పాఠం మళ్ళీ చెప్పండి. సార్ చెప్పినట్టు. ఏ తరవాత ఏమిటి?"

"ఏ..." అంది వజ్రమ్మ. పెదవుల మీద నవ్వు మిగిలే ఉంది. "ఎస్..."

తెర జారింది. ఈసారి లేవలేదు. ఇంటి పైకప్పు, నెమ్మదిగా తిరుగుతున్న ఫ్యాను, ఎక్కడో పక్కనే తెంపులేకుండా గుడగుడమంటున్న నీళ్ళు. ఆ చప్పుడులోంచి చెప్పుల అడుగులు దగ్గరికి వచ్చాయి. ఒక చెయ్యి వంగి ఫోన్‌ను అందుకుంది, దుర్గేష్ ముఖం తెరలోకి తొంగి చూసింది.

"చిన్నమ్మ ఇప్పుడే పండుకుంది మేడం" అన్నాడు అతను మెల్లగా, నిద్ర చెడగొట్టకూడదన్నట్టు. "ఇగ లేపకుండ్రి."